మీగడ నుంచి వెన్న: మిక్సీలో పడకపోతే తప్పు పాలది కాదు

ఎవరింట్లోనైనా వెన్న పడలేదంటే మొదట వచ్చే మాట "పాలు మంచివి కావు, నీళ్ళు కలిపేస్తున్నాడు" అనే. కలిపితే కలిపి ఉండొచ్చు, కాదనను, కానీ డబ్బా నిండా మీగడ పోగయ్యిందంటే అందులో వెన్న ఉన్నట్టే కదా, అది ఎక్కడికీ పోదు. బయటికి రాలేదంటే చాలాసార్లు కారణం మీగడ మరీ వేడిగా ఉండటం, లేకపోతే మరీ గడ్డకట్టి ఉండటం. నాకు ఈ ఒక్క ముక్క బుర్రకెక్కడానికి రెండు వేసవులు, కిలోకి పైగా మీగడ ఖర్చయింది, మీకు అంత అక్కర్లేదని మొదటి నుంచీ చెప్తున్నా.

ముందు పాలు. గేదె పాలైతే వెన్న శాతం 6 నుంచి 7 దాకా ఉంటుంది, ఒక్కోసారి ఇంకా ఎక్కువే, ఆవు పాలకి 4 అటూ ఇటూ. ఊళ్ళో పాలకేంద్రానికి పాలు పోసేవాళ్ళకి ఈ లెక్క నోటికి ఉంటుంది, రేటు కట్టేదే దాన్ని బట్టి. ప్యాకెట్ పాలు కొనేవాళ్ళు మాత్రం ప్యాకెట్ తిప్పి చదవండి, ఫుల్ క్రీమ్ అంటే 6 శాతం, స్టాండర్డైజ్డ్ అంటే 4.5, టోన్డ్ అంటే 3, డబుల్ టోన్డ్ అంటే 1.5. రంగు చూసి కొనొద్దు, ఒక డెయిరీ వాళ్ళ నీలం ప్యాకెట్టూ ఇంకో డెయిరీ వాళ్ళ నీలం ప్యాకెట్టూ ఒకటే అయి ఉండాలని లేదు. టోన్డ్ పాలతో వెన్న తీద్దామని కూచుంటే డబ్బా నిండేసరికి నెల దాటుతుంది, ఈలోపు మొదట్లో తీసిన మీగడ చేదెక్కుతుంది. ఇంకో సంగతి, ప్యాకెట్ మీద హోమోజనైజ్డ్ అని ఉంటే ఆ పాలల్లో కొవ్వు బొట్లని మెషిన్లో గట్టిగా నొక్కి మరీ చిన్నవి చేసేస్తారు, అవి పైకి తేలవు, ఎంత కాచినా పల్చటి పొర తప్ప అట్టు లాంటి మీగడ కట్టదు. కాఫీకి అవి బాగానే ఉంటాయి, వెన్నకి వద్దు.

పాలు పొంగాక వెంటనే ఆపెయ్యకండి. మంట బాగా తగ్గించి ఇంకో 10 నిమిషాలు అలాగే కాగనివ్వండి, మధ్యలో గరిటె పెట్టి కలపొద్దు. మా అమ్మమ్మ వాళ్ళింట్లో దాలిగుంటలో పిడకల సెగ మీద పొద్దున పెట్టిన పాలు సాయంత్రం దాకా కాగుతూనే ఉండేవి, పైన మీగడ ఎర్రగా, వేలు పెడితే దిగనంత మందంగా ఉండేది, గ్యాస్ స్టవ్ మీద అంత రాదు గానీ ఆ 10 నిమిషాలకే చాలా తేడా కనిపిస్తుంది. దింపాక గిన్నె మీద గట్టి మూత పెడితే ఆవిరి నీళ్ళై మళ్ళీ మీగడ మీదే పడుతుంది, అందుకని చిల్లుల మూతో జల్లెడో బోర్లించండి. బాగా చల్లారాక కదపకుండా ఫ్రిజ్‌లో పెట్టి 7, 8 గంటలు వదిలేస్తే మర్నాడు పొద్దున్నే అట్లకాడతో అంచు చుట్టూ గీసి ఒక్క ముక్కగా తీసెయ్యొచ్చు. పొద్దున టీకి తొందరపడి గిన్నె వంచి పాలు పోసుకున్నారో, ఆ రోజు మీగడ మీద ఆశ వదులుకోండి.

ఇప్పుడు పోగెయ్యడం. ఇక్కడ రెండు పద్ధతులున్నాయి. ఒకటి, డబ్బాలో ముందే ఒక స్పూను మంచి పెరుగు వేసి, రోజూ తీసిన మీగడ అందులోనే వేస్తూ ఫ్రిజ్ కింది అరలో పెట్టుకోవడం. రెండోది, మీగడ అలాగే ఫ్రీజర్‌లో పెట్టి, చాలినంత అయ్యాక ఒకేసారి తోడు పెట్టుకోవడం. మా అత్తగారిది మొదటి పద్ధతి, నాది రెండోది, ఇద్దరం ఎవరి మాట మీద వాళ్ళం ఉన్నాం. నిజం చెప్పాలంటే వారం, 10 రోజుల్లో చిలికేసేవాళ్ళకి ఆవిడ పద్ధతే మేలు, రోజూ కొత్త మీగడ వేసినప్పుడల్లా స్పూనుతో ఒకసారి కలిపితే చాలు. అంతకంటే ఆలస్యం చేసేవాళ్ళు మాత్రం ఫ్రీజర్‌లోనే పెట్టండి, ఎందుకంటే ఫ్రిజ్ చలిలో కూడా బతికే బాక్టీరియా కొన్ని ఉంటాయి, అవి మెల్లిగా పాల ప్రోటీన్‌ని విరగ్గొట్టడం వల్లే పాత మీగడకి ఆ చేదు వస్తుంది. చేదెక్కిన మీగడని కాచి నెయ్యి చేసినా ఆ వాసన పూర్తిగా పోదు, అనుభవం మీద చెప్తున్నా, ఇంగువ పోపు కూడా దాన్ని దాచలేకపోయింది. డబ్బా మూత గట్టిగా ఉండాలి, ఫ్రిజ్‌లో పక్కనే కోసిన ఉల్లిపాయ ఉంటే మీగడ ఆ వాసన పీల్చేస్తుంది.

మా ఇంట్లో రోజుకి లీటరు ఫుల్ క్రీమ్ పాలు. 10 రోజుల మీగడకి 300 గ్రాముల పైచిలుకు వెన్న వస్తుంది, కాస్తే పావుకిలోకి కొంచెం తక్కువ నెయ్యి. 10 లీటర్లలో 6 శాతం అంటే 600 గ్రాముల కొవ్వు ఉండాలి కదా అని మా ఆయన లెక్కేశారు ఒకసారి, మిగతాదంతా పాలల్లోనే ఉండిపోయి మన కాఫీలోకీ పెరుగులోకీ పోతోందండీ అని చెప్పా.

తోడు పెట్టకుండా పచ్చి మీగడ చిలికినా వెన్న వస్తుంది, మరి ఎందుకీ శ్రమ అంటే రెండు లాభాలు. పులిసిన మీగడలో వెన్న తొందరగా విడుతుంది, పైగా ఆ కమ్మటి వాసన తోడు వల్ల వచ్చేదే, మామూలు మీగడ వెన్న చప్పగా ఉంటుంది. ఫ్రీజర్ మీగడైతే ముందు రోజు రాత్రి బయట పెట్టి పూర్తిగా కరగనిచ్చి, స్టవ్ మీద ఒక్క నిమిషం గోరువెచ్చగా చేసి (వేలు పెడితే హాయిగా అనిపించాలి, చురుక్కుమనకూడదు), అరకిలో మీగడకి రెండు స్పూన్ల పెరుగు కలిపి వదిలెయ్యండి. ఎండాకాలం 6 గంటలు, చలికాలం 10, 12 గంటలు. మొత్తం గడ్డపెరుగులా తోడుకుని వాసన పుల్లగా, శుభ్రంగా ఉండాలి. మరీ పులిసి ముక్కిపోయిన వాసన వస్తే ఆలస్యం అయిపోయినట్టే.

తోడుకున్నాక వెంటనే మిక్సీలో వెయ్యొద్దు. అసలు కిటుకంతా ఇక్కడే.

పాలల్లో కొవ్వు చిన్న చిన్న బొట్లుగా ఉంటుంది, ఒక్కో బొట్టు చుట్టూ సన్నటి పొర. చిలికినప్పుడు ఆ బొట్లు ఒకదాన్నొకటి గుద్దుకుని పొరలు చిట్లి, లోపలి కొవ్వులు అతుక్కుని ముద్దవుతాయి. అతుక్కోవాలంటే ఆ కొవ్వు సగం గట్టిగా సగం మెత్తగా ఉండాలి. మీగడ బాగా వెచ్చగా ఉంటే కొవ్వు మొత్తం నూనెలా కరిగి ఉంటుంది, ఎంత చిలికినా చిన్న బొట్లై మజ్జిగలోనే కలిసిపోతుంది తప్ప ముద్ద కట్టదు. గడ్డలా చల్లగా ఉంటే ఇసక రేణువుల్లా గట్టిగా ఉండి ఒకదానికొకటి అంటుకోవు. మీగడ 10 నుంచి 15 డిగ్రీల మధ్యలో ఉన్నప్పుడు చక్కగా కుదురుతుంది. వంటింట్లో థర్మామీటర్ ఎవరికుంటుంది, గిన్నె బయట అరచెయ్యి పెడితే కుండలో నీళ్ళంత చల్లగా అనిపించాలి, ఫ్రిజ్ బాటిల్ నీళ్ళంత చల్లగా కాదు. తోడుకున్న మీగడని ఫ్రిజ్‌లో గంట, గంటన్నర పెట్టి, తీసి ఓ 10 నిమిషాలు బయట ఉంచితే దాదాపు అక్కడికి వస్తుంది.

తెనాలి పక్కన మా అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో తెల్లారుజామున నాలుగున్నరకే గుంజకి కట్టిన కవ్వం తాడు చప్పుడు వినపడేది, చిన్నప్పుడు నేను అది పనుల తొందర అనుకున్నా, కాదు, ఆ వేళకి చల్ల చల్లగా ఉంటుంది కాబట్టి. ఎండెక్కితే వెన్న రాదని ఆవిడకి తెలుసు. చలికాలంలో మాత్రం చెంబుడు గోరువెచ్చని నీళ్ళు పోసి చిలికేది, ఎండాకాలంలో కుండనీళ్ళు. పైన నేను డిగ్రీలు గిగ్రీలు అని చెప్పినదంతా ఆవిడ చేత్తో తాకి చూసుకునేది, అంతే తేడా. ఇదంతా చూసి పెరిగిన నేను పెళ్ళయ్యాక హైదరాబాద్‌లో మే నెల మిట్టమధ్యాహ్నం, పొద్దుటి నుంచీ గట్టు మీద ఉన్న మీగడని మిక్సీలో వేసి 15 నిమిషాలు తిప్పా, జారు వేడెక్కి కాలుతోంది, లోపల పసుప్పచ్చటి జిడ్డు నీళ్ళు. పాలు మంచివి కావని పాలవాడి మీద నేనూ అరిచాననుకోండి.

మిక్సీ పద్ధతి ఇలా. పెద్ద జార్ తీసుకోండి, సగానికి మించి నింపొద్దు, నిండా వేస్తే మూత సందుల్లోంచి గోడల మీదకి చిమ్ముతుంది. చట్నీ జార్ వద్దు, బ్లేడు వేగానికి తొందరగా వేడెక్కుతుంది. మీ మిక్సీతో మజ్జిగ చిలికే చదును బ్లేడ్ ఇచ్చి ఉంటే అది పెట్టండి. రెండు గ్లాసుల మీగడకి ఒక గ్లాసు చల్లటి నీళ్ళు పోసి, ఎండాకాలం అయితే అందులో నాలుగైదు ఐస్ ముక్కలు వేసి, మిక్సీని పల్స్‌లో ఒకటి రెండు సెకండ్ల చొప్పున కొట్టండి, ఆపండి, కొట్టండి, ఆపండి. వరసగా తిప్పితే మోటారు వేడి మీగడకి ఎక్కుతుంది. ముందు పెరుగులా పల్చబడుతుంది, తర్వాత నురగ నురగగా పొంగుతుంది, ఆ తర్వాత ఐస్‌క్రీమ్ లాగా చిక్కబడి బ్లేడు ఉత్తినే తిరుగుతున్నట్టు అనిపిస్తుంది. చాలామంది ఇక్కడే "రావట్లేదు" అని వదిలేస్తారు. వదలొద్దు, వెన్న పడే ముందు ఘట్టం ఇదే. జార్ తెరిచి గోడలకి అంటుకున్నది కిందకి గీకి, ఇంకో అరగ్లాసు చల్లటి నీళ్ళు పోసి మళ్ళీ ఏడెనిమిది సార్లు కొడితే శబ్దం మారుతుంది, మెత్తగా గర్రుమనేది కాస్తా లోపల నీళ్ళు గలగలమన్నట్టు వినపడుతుంది. మూత తీస్తే బొంబాయి రవ్వలాంటి పలుకులు తేలుతూ కింద తెల్లటి మజ్జిగ ఉంటుంది. ఇంక ఒకటి రెండు పల్స్‌లు, అంతే, పలుకులన్నీ ఒకచోట చేరతాయి. మొత్తం నాలుగైదు నిమిషాలకి మించి పట్టదు.

కవ్వం ఉన్నవాళ్ళు, లేదా కరెంటు కవ్వం ఉన్నవాళ్ళు లోతు గిన్నెలో ఇదే చెయ్యొచ్చు, ఓ పావుగంట పడుతుంది, కానీ గేదె మీగడకి కవ్వం వెన్న నాకు మిక్సీ వెన్న కంటే నచ్చుతుంది, పలుకు పెద్దగా వచ్చి నీళ్ళు తొందరగా వదులుతుంది. ఒక కప్పు మీగడే ఉందంటే గట్టి మూత సీసాలో మూడో వంతు వరకు పోసి పిల్లల చేతికివ్వండి, టీవీ చూస్తూ ఊపుతూ కూచుంటారు.

15 నిమిషాలైనా పడలేదా, అయితే తిప్పడం ఆపండి. జార్ తాకి చూడండి. వెచ్చగా ఉంటే మొత్తం ఫ్రిజ్‌లో గంట పెట్టి తీసి మళ్ళీ కొట్టండి, ఖాయంగా వస్తుంది, నేను పారబోసిన మొదటి మీగడ కూడా అలా వచ్చేదే, అప్పట్లో తెలీదు. లోపల పలుకులు గట్టిగా విడివిడిగా తిరుగుతూ ముద్ద కట్టకపోతే అర గ్లాసు గోరువెచ్చని నీళ్ళు పోసి రెండు నిమిషాలు వదిలి కొట్టండి. రెండూ కాదు, మీగడే మరీ చిక్కగా ఉండి కదలట్లేదంటే నీళ్ళు తక్కువయ్యాయి.

వెన్న వచ్చాక కడగడం మీద బద్ధకించొద్దు. చేతులు ముందు చల్లటి నీళ్ళలో తడుపుకుంటే వెన్న అంటుకోదు. ముద్దని తీసి వేరే గిన్నెలో చల్లటి నీళ్ళు పోసి మెల్లిగా నొక్కండి, నీళ్ళు తెల్లగా అవుతాయి, పారబోసి మళ్ళీ పొయ్యండి, మూడు సార్లయ్యేసరికి నీళ్ళు తేటగా వస్తాయి. లోపల మజ్జిగ మిగిలిపోతే మూడో రోజుకే ముద్ద పుల్లబడి వాసనేస్తుంది, కొనే వెన్న అన్నాళ్ళు నిలవుండటానికి ఒక కారణం అందులో మజ్జిగా నీళ్ళూ పిండేసి ఉండటం, కొన్న టేబుల్ బటర్‌లో 80 శాతం కొవ్వు ఉండాలి, నీళ్ళు 16 శాతం దాటకూడదు. మనింట్లో అంత పిండలేం గానీ అరచేతులతో అటూ ఇటూ తట్టి, చపాతీ పిండి నొక్కినట్టు నొక్కితే చాలా వరకు పోతాయి. బ్రెడ్ మీదకి కావాలంటే 100 గ్రాములకి పావు స్పూను ఉప్పు కలుపుకోండి, ఆవకాయన్నంలోకైతే ఉప్పు లేనిదే బాగుంటుంది. ఫ్రిజ్‌లో వారం, ఫ్రీజర్‌లో రెండు మూడు నెలలు ఢోకా లేదు. పాత పద్ధతిలో గిన్నెడు నీళ్ళల్లో వెన్నముద్ద మునిగేలా వేసి రోజూ నీళ్ళు మార్చేవాళ్ళు, ఫ్రిజ్ లేనప్పుడు అదే ఫ్రిజ్.

తెల్లగా వచ్చిందేంటి, కొన్నది పచ్చగా ఉంటుందిగా అని కొందరు కంగారుపడతారు. గేదె వెన్న తెల్లగానే ఉంటుంది. గడ్డిలో ఉండే పసుపు రంగు పదార్థం ఆవు పాలల్లోకి అలాగే వచ్చేస్తుంది, గేదె దాన్ని దాదాపు మొత్తం విటమిన్ ఏ కింద మార్చేసుకుంటుంది, అంతే. కొన్న వెన్నలో కొన్నిటికి రంగు కూడా కలుపుతారు, ప్యాకెట్ వెనక చిన్నక్షరాల్లో రాసుంటుంది చూడండి.

అమెరికాలోనో లండన్‌లోనో ఉండి మీగడ కట్టే పాలు దొరక్క ఇబ్బంది పడేవాళ్ళకి ఇంకా సులువు. అక్కడ స్టోర్‌లో దొరికే హెవీ క్రీమ్‌లో కనీసం 36 శాతం కొవ్వు ఉంటుంది, ఇంగ్లండ్‌లో డబుల్ క్రీమ్ అయితే 48. ఒక పింట్ హెవీ క్రీమ్, అంటే 473 మిల్లీలీటర్లకి దాదాపు 200 గ్రాముల వెన్న వస్తుంది. రెండు స్పూన్ల పెరుగు కలిపి రాత్రంతా బయట వదిలి, పొద్దున కొంచెం చల్లబరిచి మిక్సీలోనో స్టాండ్ మిక్సర్‌లోనో కొడితే మన ఊరి వాసనకి దగ్గరగా వస్తుంది. ఒట్టి నెయ్యి కోసమే అయితే ఈ తిప్పలు వద్దు, ఉప్పు లేని బటర్ కొని కాచుకోండి, క్రీమ్ ధరకి గిట్టదు. ఇక్కడ మన దగ్గర టెట్రా ప్యాక్‌లో దొరికే 25 శాతం ఫ్రెష్ క్రీమ్‌తో మాత్రం ప్రయత్నించకండి, అది విడిపోకుండా ఉండటానికే తయారుచేసిన క్రీమ్, దాంతో యుద్ధం మనకెందుకు.

నెయ్యి కాచడానికి మందపాటి గిన్నె, అది నీటి బొట్టు లేకుండా పొడిగా ఉండాలి. వెన్న వేసి సన్న మంట మీద పెట్టి పక్కనే ఉండండి. కరిగి, నురగ పొంగి, చిటపట మొదలవుతుంది, ఆ చప్పుడంతా వెన్నలో నీళ్ళు ఆవిరైపోతున్న చప్పుడు. నీళ్ళున్నంత సేపూ గిన్నెలో వేడి 100 డిగ్రీల దగ్గరే తచ్చాడుతుంది, నీళ్ళు అయిపోగానే ఒక్కసారి పైకెక్కుతుంది, అందుకే చప్పుడు తగ్గాక నెయ్యి అంత తొందరగా మాడేది. చప్పుడు ఆగి, నురగ సన్నబడి, అడుగున పలుకులు లేత గోధుమ రంగుకి వచ్చాయంటే స్టవ్ ఆపెయ్యండి, గిన్నె వేడికి అది ఇంకొంచెం కాగుతుంది. ఆపే ముందు రెండు మునగాకు రెబ్బలో ఒక తమలపాకు ముక్కో వెయ్యండి, మా ఇంట్లో మునగాకే, నేతిలో కరకరలాడిన ఆ ఆకు కోసం పోటీ ఉంటుంది. కొంచెం ఆరాక స్టీలు వడకట్టుతో పొడి సీసాలోకి వంపుకోండి, వేడిగా ఉన్నప్పుడు ప్లాస్టిక్ జాలీ వాడొద్దు.

చిలికిన మజ్జిగ పారబొయ్యకండి. తోడుపెట్టిన మీగడదైతే అది అసలైన చల్ల, కాస్త అల్లం, పచ్చిమిర్చి, కరివేపాకు వేసి తాగొచ్చు, పులుపెక్కువైతే మజ్జిగ పులుసు పెట్టేసుకోండి. పచ్చి మీగడదైతే చపాతీ పిండిలో కలిపెయ్యండి. జార్ జిడ్డు చల్లటి నీళ్ళకి వదలదు, ముందు కాగితంతో తుడిచి, వేడి నీళ్ళూ శనగపిండీ వేసి రుద్ది, అప్పుడు సబ్బు. సింక్‌లో నేతి జిడ్డు నేరుగా పొయ్యొద్దు, చల్లారితే గొట్టంలోనే గడ్డకడుతుంది.

నెయ్యి వంపాక గిన్నె అడుగున గోధుమరంగు మడ్డి మిగులుతుంది, మేం గోకుడు అంటాం. దాంట్లో రెండు స్పూన్ల చక్కెర వేసి గిన్నె వేడి మీద ఉండగానే కలిపి పిల్లలకి పెట్టండి, లేదంటే ఆ గిన్నెలోనే వేడన్నం, ఉప్పు వేసి కలుపుకోండి. నేనైతే పిల్లలు స్కూల్ నుంచి వచ్చేలోపే నెయ్యి కాచేస్తా.